పద్మలత తీసేసిన పేజీ

సూరారం నుంచి మేడ్చల్ వైపు పోయే బస్సులో ఉదయం పూట నర్సింగ్ చదివే అమ్మాయిలు కనిపిస్తారు. సీటు దొరికినవాళ్లు, నిలబడ్డవాళ్లు, అందరి చేతుల్లోనూ నోట్సే. పక్కన కూర్చున్నది తన క్లాసు పిల్లే అయినా సరే, ఆమె కాస్త తల వంచి చూసిందంటే చటుక్కున పేజీ మూసేస్తారు. ఈ సంగతి తెలిస్తే అమ్మానాన్నలు కోప్పడరు. పిల్ల హుషారని మురిసిపోతారు. పక్కవాడికి పెట్టకుండా తినొద్దని అన్నం దగ్గర చెప్పే మనమే, చదువు దగ్గరికొచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టుకోమంటున్నాం. ఇది ఒక రోగమని మనకు తట్టనైనా తట్టదు.

పద్మలతను ఆ రోగం కాస్త ఆలస్యంగా పట్టుకుంది. ఆమె తండ్రి పరమేష్ దూలపల్లిలో ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో మిషన్ మీద పని చేస్తాడు. ఆమె నర్సింగ్ రెండో ఏడాదిలో ఉండగా కామెర్లొచ్చి మంచాన పడింది. క్లాసులన్నీ పోయాయి. తోటివాళ్లను నోట్సు అడిగితే రేపన్నారు, ఎల్లుండన్నారు, ఆఖరికి ఫోన్లు ఎత్తడమే మానేశారు. అప్పుడు ఆమెను ఒడ్డున పడేసింది ఒక వెబ్‌సైటు. వాళ్ల యూనివర్సిటీ కింది కాలేజీల విద్యార్థులే కలిసి నడుపుకుంటున్న సైటది. అందులో ఎవరైనా పాఠం రాయొచ్చు, ఎవరు రాసిన తప్పునైనా ఎవరైనా దిద్దొచ్చు. ఎవరు ఏం మార్చారో ప్రతి పేజీ అడుగున కనిపిస్తుంది. పాత రాతలు కూడా అక్కడే ఉంటాయి.

పరీక్ష గట్టెక్కాక ఆ రుణం తీర్చుకోవాలనిపించి పద్మలత కూడా ఒక పేజీ రాసింది. సెలైన్ నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలో లెక్కగట్టడం గురించి, ఇంట్లో చెల్లికి చెప్పినట్టు తేట తెలుగులో రాసింది. దాన్ని చదివినవాళ్లు ఎందరో మెచ్చుకుంటూ రాశారు.

చివరి ఏడాది వచ్చింది. కాలేజీలో మొదటి ర్యాంకు వచ్చినవాళ్లకు అనుబంధ ఆసుపత్రిలో ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ మాట వినగానే పరమేష్ ఫ్యాక్టరీలో అందరికీ తన బిడ్డకే వస్తుందని చెప్పేసుకున్నాడు. ఇంటికొచ్చిన మేనత్త దుర్గాబాయి, సైటు సంగతి విని బుగ్గన వేలేసుకుంది.

"నీకొచ్చింది అందరికి జెప్పుకుంట పోతే ఇగ నీకేం మిగుల్తది బిడ్డా? ర్యాంకు ఒక్కల్దే గదా" అంది.

ఆ మాట పద్మలత మనసులో నాటుకుంది. మర్నాడు మధ్యాహ్నం కాలేజీ మెట్ల మీద కూర్చుని ఆ పేజీ మొత్తం చెరిపేసింది. చేస్తున్నది తప్పని తెలుసు. అయినా చేసింది. నాయిన ముఖం కళ్లముందు కదులుతుంటే ఆగలేకపోయింది.

తెల్లారి చూస్తే పేజీ ఎప్పటిలాగే అక్కడుంది. పద్మలతకు ఒళ్లు మండింది. పాత రాతలోంచి దాన్ని తీసి మళ్లీ పెట్టినవాళ్లు అడుగున ఒక ముక్క రాశారు. పేరు లత, ఊరు శామీర్‌పేట.

"అక్కా, మీ చెయ్యి తగిలి పేజీ ఎట్లనో పోయినట్టుంది, మళ్ల పెట్టిన. పిల్లలకు అరవై చుక్కల లెక్కని రాసిన్రు. అది పిల్లల సెట్టుకే. పెద్దల సెట్టు పిల్లలకు పెట్టినా లెక్క ఇరవయ్యే. గా ఒక్కటి సరిజేసిన, ఏమనుకోకున్రి."

నా రాతనే దిద్దుతుందా అనుకుంటూ పద్మలత పాఠ్యపుస్తకం తెరిచింది. లత చెప్పిందే నిజం. సెట్టంటే సెలైన్ ఎక్కించే గొట్టం. సన్న చుక్కలు పడే పిల్లల సెట్టులో మిల్లీలీటరుకు అరవై చుక్కలు, పెద్ద చుక్కలు పడే మామూలు సెట్టులో ఇరవై. లెక్క గొట్టాన్ని బట్టే తప్ప మనిషి వయసును బట్టి కాదు. పద్మలత మాత్రం పిల్లలంటే అరవై అని గుర్తు పెట్టుకుంది. అలాగే రాసింది, అలాగే నమ్మింది.

ఆ రోజే ఆమెకు పిల్లల వార్డులో డ్యూటీ పడింది. విరేచనాలతో సొమ్మసిల్లిన రెండేళ్ల పాప మంచం మీద ఉంది. పిల్లల సెట్లు అయిపోవడంతో మామూలు సెట్టే పెట్టారు. పద్మలత ఇరవైతో లెక్కగట్టి, గడియారం చూస్తూ చుక్కలు సరిచేసింది. పక్కనే నిలబడ్డ జానకీదేవి మేడం, నర్సింగ్ పిల్లలకు చదువు చెప్పే ఆవిడ, చూసి సరిపోయిందని తలూపింది. నిన్నటి లెక్కయితే ఆ చిన్న ఒంట్లోకి మూడింతల నీళ్లు పోయేవి.

భోజనాల వేళ ఆ పేజీ అడుగున ఉన్న పేర్లన్నీ చదివింది. ఎవరో బొమ్మ గీసి పెట్టారు. ఇంకెవరో అర్థం కాని వాక్యాన్ని విడమరిచి రాశారు. ఒకమ్మాయి అక్షరదోషం ఒక్కటి దిద్ది పోయింది. ఏ ఊళ్లో ఉన్నారో, ఎలా ఉంటారో తెలియదు. ఒక్కరికీ పైసా రాదు, ర్యాంకూ రాదు. తన ఒక్క పేజీ వెనుక ఇంతమంది నిలబడి ఉన్నారా అనుకుంది పద్మలత. ఏడుపొచ్చింది.

ఆమె జానకీదేవి దగ్గరకు వెళ్లి, పేజీ కావాలనే తీసేశానని, లత దాన్ని దిద్ది మళ్లీ పెట్టిందని చెప్పేసింది. తిడుతుందనుకుంటే ఆవిడ తిట్టలేదు. ఎందుకు తీసేశావనీ అడగలేదు. ఆ సంగతి లతకు కూడా చెప్పమంది. పద్మలత అక్కడే నిలబడి రాసింది, "చెల్లీ, పేజీ ఎట్లనో పోలేదు. ర్యాంకు కోసం నేనే తీసేసిన. నువ్వు దిద్దకపోతే ఇయ్యాల నా చేతుల ఒక పాప ఆగమైతుండె."

ర్యాంకు ఎవరికొస్తుందో ఇంకా తెలియదు. పరమేష్ ఇప్పటికీ తన బిడ్డకే అంటున్నాడు. పాప మాత్రం సాయంత్రానికి కళ్లు తెరిచి పాలు తాగింది.

పాఠకులారా, జానకీదేవి ఆ రోజు చెప్పిన మాటే మీకూ చెబుతున్నాను. "పంచుకున్న చదువుల తప్పుంటే దిద్దెటోళ్లు పదిమంది ఉంటరు పద్మా. దాచుకున్న చదువుల తప్పు మనతోనే ఉండి, ఏదో ఒకనాడు ఎవరి పానం మీదికో తెస్తది."