మా ఆయన కారుకు రెండు సైలెన్సర్లు

మొగుడు ఎదురు చెప్పకుండా తలూపుతున్నాడంటే ఆ ఇల్లాలు పెట్టిపుట్టిందని ఆళ్లగడ్డలో అందరూ అనుకుంటారు. నేనూ ఒక వారం పాటు అలాగే అనుకున్నాను.

పెళ్లయిన నాటి నుంచీ మా ఆయన గురుమూర్తి నేనేదంటే దాన్ని కాదనే మనిషి. నేను వంకాయ అంటే ఆయన బెండకాయ అంటాడు. నేను శ్రీశైలం పోదామంటే, పక్కనే అహోబిలం పెట్టుకుని అంత దూరం దేనికంటాడు. ఒక పూట తగవు లేకపోతే మా ఇద్దరికీ తిన్నది అరగదు. అలాంటి మనిషి ఉగాది దాటిన దగ్గర నుంచి నేను ఏం చెప్పినా "ఊఁ" అని తలూపడం మొదలుపెట్టాడు. మొదట మురిసిపోయాను. తర్వాత ఒకరోజు, మా అక్కను పిలిపిస్తాను, నెల రోజులు ఉండి పోతుంది అన్నాను. దానికీ తలూపాడు. మా అక్క పేరెత్తితే ఇంతెత్తున లేచే మనిషి తలూపాడంటే, మనసు మారిందని కాదు, మాట చేరలేదని.

చెవులు పోతున్నాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. నంద్యాలలో ఉంటున్న మా అమ్మాయి యామిని చెవుల డాక్టరును కూడా చూసి పెట్టింది. ఈయన వింటేగా.

"నా చెవులకేం రోగం? మీరే గొణుగుతాండారు. ఈ కాలంలో ఎవురికీ గొంతే లేదు" అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు నేను రోజూ ఊదుతూనే ఉన్నాను. ఆయన రోజూ తలూపుతూనే ఉన్నాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి, "నీ మొగుడు ఎంత నెమ్మదస్తుడైపోయినాడే సులోచనా, మా ఆయనకూ ఆ మందేదో చెప్పరాదా" అని అడుగుతుంటే ఒళ్లు మండేది. నాకు నెమ్మదస్తుడు అక్కర్లేదు. నా తగవు నాకు కావాలి. అంతకు మించి ఏ దేవుణ్నీ ఏమీ కోరుకోలేదు.

ఇక కారు సంగతి. మాకు విత్తనాలు, ఎరువుల అంగడి ఉంది. పైసా ఖర్చు పెట్టాలంటే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసే మా ఆయన, శ్రీశైలం డ్యాం మీద పనులు చేసిన ఒక కాంట్రాక్టరు పాత కారు అమ్ముతుంటే మాత్రం కళ్లు మూసుకుని కొనేశాడు. ఎందుకయ్యా అంటే దానికి ఆరు సిలిండర్లు. "మన బజార్లో ఉండే కార్లన్నీ నాలుగువే" అనేవాడు, మిగతా రెండూ తానే కడుపారా కన్నట్టు. అది నడుస్తుంటే ఇంజను తిరుగుతున్నట్టే తెలిసేది కాదు. విత్తనాలకు వచ్చిన రైతుల్ని బయటికి పిలిచి, ఇంజను స్టార్ట్ చేసి, బానెట్ మీద రూపాయి బిళ్లను నిలువుగా నిలబెట్టి చూపేవాడు. బిళ్ల పడేది కాదు. పాపం, రైతులు తెచ్చుకున్న పని మర్చిపోయి బిళ్ల కేసి చూస్తూ నిలబడేవాళ్లు.

ఆ నిశ్శబ్దమే ఆయన కొంప ముంచింది. ఒకరోజు పొద్దున్నే కారెక్కాడు. సెల్ఫ్ కొట్టాడు, ఇంజను అందుకుంది. అది ఆయనకు వినపడలేదు. మళ్లీ తాళం తిప్పాడు. తిరుగుతున్న ఇంజనుకు సెల్ఫ్ కొడితే ఎలా ఉంటుందో తెలుసు కదా, రోట్లో మేకులు వేసి రుబ్బినట్టు కర్రుమంది. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. నేను పరిగెత్తుకుంటూ పోయి, "ఇంజను తిరుగుతానే ఉండాది కదండీ!" అని అరిచాను. ఆయన నన్ను చూసి తలూపి మళ్లీ తాళం తిప్పాడు.

అలా వారంలో ఎన్నిసార్లు జరిగిందో. చివరికి మా ఆయన ఆలోచించి కనిపెట్టింది ఏమిటంటే, లోపం కారుదట.

"ఇంజను నోరు పడిపోయిందే. సైలెన్సర్లో ఏందో అడ్డం పడింటాది. నంద్యాలకు పోయి రెండు సైలెన్సర్లు ఏయిస్తా, అటొకటి ఇటొకటి. అప్పుడు చూడు" అన్నాడు.

ఈ మాట బజారంతా పాకింది. అరవై దాటిన మనిషి కుర్రకారులా డబల్ సైలెన్సర్ వేయించుకుంటున్నాడంటే ఊరుకుంటారా? "ముసలోడికి దసరా పండగ" అని ఎదురంగడి వాళ్లు నవ్వారు. యామిని ఫోను చేసి, "నాయనకేమైందమ్మా, కాలేజీ పిల్లోళ్లు బుల్లెట్లకు చేయించుకునే పని గదా అది" అంది. నేను అడ్డు చెప్పలేదు. ఎలాగూ నంద్యాల పోతున్నాం, వచ్చేటప్పుడు మెల్లగా డాక్టరు దగ్గరికి మళ్లించవచ్చని నా లెక్క.

నంద్యాలలో వినయ్ అనే అతనికి సైలెన్సర్ల షెడ్డు ఉంది. పైపులు వంచడం, అతకడం అన్నీ అతనే చేస్తాడు. కారు కింద దూరి, బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"అన్నా, దీనికి ఇటు మూడు, అటు మూడు సిలిండర్లు. అన్నిటి పొగా ఒకే పైపులోకి పోతాంది. ఇప్పుడు అన్నదమ్ములు పాళ్లు పంచుకున్నట్ల ఎవురి పైపు వాళ్లకిచ్చేస్తా. శబ్దం ఎంత కావాల?"

"నాకు ఇనపడేంత" అన్నాడు మా ఆయన.

వినయ్ నా వైపు చూశాడు. నేను ఎటో చూశాను.

పని సాయంత్రం దాకా సాగింది. పైపులు వంచారు, అతికారు, బంపరు కింద చెరొక పక్క రెండు మూతులు మెరుస్తూ నిలిచాయి. వినయ్ స్టార్ట్ చేశాడు. షెడ్డులో ఉన్నవాళ్లంతా వెనక్కి జరిగారు. మా ఆయన ముందుకు వంగి, "ఇంకొంచెం" అన్నాడు. వినయ్ లోపలి నుంచి ఏదో డబ్బా తీసేసి మళ్లీ స్టార్ట్ చేశాడు. "ఇంకొంచెం" అన్నాడు మా ఆయన.

"అన్నా, ఇంగ పెంచితే మీరు ఈడ బయల్దేరేది ఆళ్లగడ్డలో తెలుస్తాది. పోలీసోళ్లకు దానికంటే ముందే తెలుస్తాది" అన్నాడు వినయ్. అయినా మూడోసారి ఏదో విప్పాడు.

ఈసారి రేకుల కప్పు అదిరింది. నేను చెవులు మూసుకున్నాను. మా ఆయన మాత్రం కదలకుండా నిలబడ్డాడు. ఆ మొహంలో వెలుగు చూసి నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఎన్నాళ్లుగానో కనపడని చుట్టం గడపలోకి వచ్చినట్టు ఆ కారును చూస్తున్నాడు. ఎగతాళి చేద్దామని నేను పొద్దున్నుంచీ కూడబెట్టుకున్న మాటలన్నీ మర్చిపోయాను. జాలేసింది, అంతే.

షెడ్డు నుంచి బయటపడగానే, డాక్టరు ఇంటి వీధి వచ్చినప్పుడు, "ఈడ ఆపండి" అన్నాను. ఆయన తలూపి ముందుకు పోనిచ్చాడు.

ఊరు దాటాక కారు వేగం అందుకుంది. అప్పుడు మొదలైంది నా పని. బయట అదొక మోతైతే లోపల ఇంకొక మోత. సీటు కింద పిండిమర పెట్టినట్టు ఒకటే బొంగురు హోరు, పళ్లు కూడా జివ్వుమంటున్నాయి. ఆయనకు మాత్రం హుషారొచ్చింది. ఇంజను వినపడుతోందన్న సంబరంలో మాటలు కట్టలు తెంచుకున్నాయి. చెయ్యి ఊపుతూ, పొలాల వైపు చూపిస్తూ, ఏదో చెబుతున్నాడు, ఏదో అడుగుతున్నాడు. నాకు ఒక్క ముక్క వినపడితే ఒట్టు. ఒకసారి "ఏందీ?" అన్నాను. మళ్లీ చెప్పాడు. మళ్లీ వినపడలేదు. ఇంకోసారి అడగాలంటే మొహమాటమేసింది. అంత సంతోషంగా ఉన్న మనిషిని మాటిమాటికీ ఆపడం ఎందుకని తలూపాను. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. ఆయన మొహం చిట్లించాడు, నేనూ చిట్లించాను. అలా శిరివెళ్ల దాకా తలూపుతూనే వచ్చాను.

శిరివెళ్ల దాటాక ఒక ట్రాక్టరు వెనక కారు నెమ్మదించింది. ఆయన నా వైపు తిరిగి ఏదో అడిగాడు. తలూపాను. ఉన్నట్టుండి కారును రోడ్డు పక్కకు తీసి, తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"నేనేమంటినో చెప్పు" అన్నాడు.

నేను ట్రాక్టరు పోయిన వైపు చూశాను.

"నీకు పులుసు కాసేది రాదు, ఇన్నేండ్లు గతిలేక తింటినంటి. తలూపినావు. మీ అక్క అంత గయ్యాళి ఈ జిల్లాలో లేదంటి. నవ్వి మరీ తలూపినావు. అప్పుడే అనుకుంటి, దీనికి నా మాట ఇనపడ్ల్యా అని."

నాకు మండిపోయింది. ఆయన చెవి దగ్గరికి వంగి గొంతు చించుకున్నాను. "ఒక్క పొద్దుకే కనిపెట్టేస్తిరే! మీరు ఉగాది కాణ్నించీ చేస్తాండేదేంది మరి? నేను కనిపెట్టలేదనుకుంటిరా?"

ఆ మాట చేరింది. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకున్నాడు. పక్క నుంచి నంద్యాల బస్సు పోయింది.

"తెలిసిందా ఎట్లుంటాదో?" అన్నాడు. "అంగట్లో రైతులు ఏందో అంటారు, అందరూ నగుతారు. నేనూ నగుతా. దేనికి నగుతాండానో నాకే తెలీదు. ఒగోసారి నన్ను జూసే నగుతాండారేమో అనిపిస్తాది. మళ్లా చెప్పప్పా అని అడిగితే చెవిటోడంటారు. తలూపితే మంచోడంటారు. ఏం చెయ్యమంటావ్?"

ఇన్నాళ్లూ నా తగవు పోయిందని నేను ఏడ్చానే గానీ, నవ్వే పదిమంది మధ్య ఈయన ఒక్కడే ఎంత దూరంగా కూర్చుని ఉన్నాడో ఆలోచించలేదు. నేను తలూపింది శిరివెళ్ల దాకానే. అంతలోనే నాకు ఒంటరిగా అనిపించింది, పక్కనే మొగుణ్ని పెట్టుకుని. ఆయన చెయ్యి పట్టుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"ఆ డాక్టరు పొద్దు మునిగినాక కూడా ఉంటాడంటనా?" అని అడిగాడు, రోడ్డు వైపు చూస్తూ.

ఉంటాడని నెమ్మదిగా తలూపాను. ఆయన తాళం మీద చెయ్యి వేశాడు. నేను ఆ చెయ్యి తీసేశాను. ఇంజను మోగిందంటే ఇక నంద్యాల దాకా మాటుండదు, నాకేమో ఆ పులుసు సంగతి తేలాలి.

"ఉండండి. నా పులుసుకేమొచ్చిందో ముందు చెప్పండి. ఇన్నేండ్లు గతిలేక తిన్న మనిషి, మొన్న రెండోసారి ఎందుకు పోయించుకుంటిరి?" అన్నాను.

ఆయన ఎప్పట్లాగే తలూపబోయాడు. సగంలో ఆగాడు. చెవి నా వైపు తిప్పాడు.

"ఇనపడ్ల్యా" అన్నాడు. "మళ్లా చెప్పు."