ఆగే

మేం వలసొచ్చిన హిందీ ఊరు భన్‌పురిలో లారీల డీజిలు పోతోందని మా అబ్బాయి నాగబాబు కుక్కను తెచ్చాడు. మా ఇల్లూ, వాడి లారీలు నిలిపే జాగా ఒకే గేటు లోపల. కుక్క పేరు షేరా. నల్లది, ఛాతీ వెడల్పు. మొరగదు. చూస్తూ ఉంటుంది.

నేర్పడానికి వీరేంద్ర వచ్చేవాడు. మొదటిరోజే ఇంటిల్లిపాదినీ వాకిట్లో నిలబెట్టాడు. ఇంట్లో అందరూ ఒకే మాట అనాలి, లేకపోతే కుక్క చెడిపోతుందన్నాడు. కూర్చోమనడానికి ‘బైఠ్’. మీద పడమనడానికి ‘ఆగే’, అంటే ముందుకు అని. వాడు గోనెపట్టా చుట్టిన చెయ్యి ఊపేవాడు. కొడుకు, కోడలు భావన, నేను వరసగా ‘ఆగే’ అన్నాం. షేరా ప్రతిసారీ ఆ చెయ్యి పట్టింది. పట్టినది వదలమనే మాట పై నెలలో నేర్పుతానన్నాడు.

“మాతాజీ, ఆప్ భీ,” మీరూ అనండన్నాడు మా ఆవిడతో.

“కుక్కతో ఇందీ మాటాడాలేటి, సిగ్గుమాలి!” అని నాంచారమ్మ లోపలికి పోయింది.

మర్నాడు నాలుగేళ్ల మనవరాలు నవ్య చెప్పుల్లేకుండా వాకిట్లోకి ఉరికింది. వెనకనుంచి నానమ్మ, “ఆగే, నవ్వీ, ఆగే!” అంది. మా బొబ్బిలి వైపు ఆడపిల్లను ఆగమనడం అలాగే. షేరా పిల్ల మీదికి లేచింది. గొలుసు చాలక కిందపడింది. పిల్ల అటు చూడలేదు. నేను చూశాను.

నాగబాబుతో చెప్పాను. నవ్వాడు.

“దానికి తెలుగు రాదు నాన్నా.”

“అదేరా నేనూ అంటున్నది.”

సాయంత్రం నాంచారమ్మ అదే మాట అనగానే వాడి కళ్ల ముందే షేరా మళ్లీ లేచింది. నవ్వు పోయింది. నేర్పింది మరిపించలేనన్నాడు వీరేంద్ర. ఇక అందరూ నాంచారమ్మకు నేర్పడం మొదలుపెట్టారు.

“నవ్యని ఆగమనాలంటే రుక్ అనమ్మా.”

“ఇంకోసారి అనండత్తయ్యా.”

“కుక్క పాసయింది, నాను ఫెయిలు,” అంది నాంచారమ్మ. అయినా అంది. “రుక్, నవ్వీ!”

“రుక్ ఆటోకి నానమ్మా, నాక్కాదు,” అని పిల్ల పరిగెత్తింది.

ఆ తర్వాత నాంచారమ్మ వాకిట్లో మాట్లాడడమే మానేసింది. షేరా మాత్రం ఎవరు పిల్లను పిలిచినా లాగేది. గోడలో గొలుసు కొక్కెం వదులైంది. నాగబాబు రేపు సిమెంటు పెట్టిస్తానని లారీ పని మీద పొరుగూరు వెళ్లాడు. భావన మేడ మీద బట్టలు ఆరేస్తోంది.

గేటులోంచి లారీ వెనక్కి వస్తోంది. నాన్న వచ్చాడనుకుని నవ్య దాని వెనక్కే పరుగు. “నవ్యా!” అని అరిచాను. ఇంజిను మోతలో నా గొంతు నాకే వినపడలేదు. నాంచారమ్మ గొంతయితే వినపడుతుంది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నా వంక చూసింది.

నేను మోకాళ్ల మీద పడి షేరా మెడపట్టీ రెండు చేతులా పట్టుకున్నాను.

“అను,” అన్నాను.

“ఆగేయ్!”

పిల్ల ఆగింది. లారీ చక్రాలు పిల్ల ముందునుంచి పోయాయి. షేరా నన్ను ఈడ్చింది. కొక్కెం గోడలోంచి ఊడి మట్టిలో పడింది.

ఇన్నాళ్లకు నానమ్మ తన మాట అందని నవ్య నవ్వుతూ ఇటు తిరిగింది. చేతులు చాపుకుని మా వైపే పరిగెత్తుకొస్తోంది. మెడపట్టీ నా వేళ్లలోంచి జారుతోంది.

“పిల్లని ఆపు,” అన్నాను.

నాంచారమ్మ నోరు తెరిచింది.