మాటలున్నంత దూరం

ఆగస్టంటే అక్కడ నడి చలికాలం. ఆ నెలలో ఓ శనివారం పొద్దున పిపిట్ కొండ మీద పని ఎప్పటిలాగే మొదలైంది. వంటగదిలో హినెవై ఆంటీ సూప్‌లోకి గుమ్మడికాయ తరుగుతోంది. గిన్నెలు కడిగే వంతు వచ్చిన పళ్ల డాక్టరు, వేలు తెగిందని అబద్ధమాడి ఆవిడ చేత చీవాట్లు తింటున్నాడు. బయట షెడ్డులో మెరాన్ టులక్ పాత ట్రాక్టరు ఇంజన్ని బుజ్జగిస్తోంది. అది దగ్గి, తుమ్మి, కాసేపు బెట్టు చేసి చివరికి దారికొచ్చింది. కొండ పైదాకా పోయే తాడు కదిలింది.

ఆ కొండకి ఎక్కించే కుర్చీలూ అద్దాల పెట్టెలూ లేవు. నడుముకి కట్టుకున్న ఇనుప పట్కారుతో, పరుగెత్తే తాడుని ఒడిసిపట్టుకోవాలి. పట్టు దొరికితే పైకి, దొరక్కపోతే మంచులో బోర్లా. వచ్చేవాళ్లంతా స్కీ క్లబ్బు సభ్యులే. వాళ్లే వండుకుంటారు, వాళ్లే కడుక్కుంటారు, వేసవిలో వాళ్లే వచ్చి రాళ్లేరతారు. కొండ చూస్తే గోరంత. ఒక్కళ్లే స్కీల మీద దిగితే తుమ్మి ముక్కు తుడుచుకునేలోపు కింద బస దగ్గరుంటారు.

ఇద్దరు కలిసి దిగితే మాత్రం, వాళ్ల మధ్య మాటలెంతుంటే వాలు అంత. మాట తీరేదాకా బస రాదు. ఇది అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ దాని ఊసెత్తరు, భోజనాల వేళలు మాత్రం దాన్నిబట్టి పెట్టుకుంటారు. డీజిలు ఖర్చు మీద వాదించుకుంటూ పొద్దున బయల్దేరిన కోశాధికారీ కార్యదర్శీ సాయంత్రం టీకి దిగారు, ఇద్దరికీ గొంతులు పోయాయి. ఇంకోసారి ఓ మొగుడూపెళ్లాం రెప్పపాటులో దిగిపోతే, హినెవై ఆంటీ ఆ ఇల్లాలికి పుడ్డింగు రెండోసారి వడ్డించింది. వసంతం వచ్చేసరికి వాళ్లు చెరో ఇంట్లో ఉన్నారు.

మెరాన్‌కి ఆ కొండంటే ప్రాణం. భయం కూడా. ఆ భయం పేరు డెస్ పాస్కో, లోయలో ఊరికి పశువుల డాక్టరు. ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర కూర్చుని ఓట్స్ జావ తాగారు, వాతావరణం గురించీ గొర్రెపిల్లల గురించీ మాట్లాడుకున్నారు. కలిసి దిగడం మాత్రం ఒక్కసారీ లేదు. "రా, దిగుదాం" అని అతను పిలిచినప్పుడల్లా ఇంజను ఏదో చప్పుడు చేస్తోందని ఆవిడ తప్పించుకునేది. వాలు సాగిందంటే, తన మనసులో ఏముందో డెస్‌కన్నా ముందు క్లబ్బు మొత్తానికి తెలిసిపోతుంది. హినెవై ఆంటీకి ఎప్పుడో తెలుసు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఈ ఒక్క సంగతిలో పెదవి కదపలేదు. "ఇంజను బాగానే ఉంది కదే, పిల్లా" అని అప్పుడప్పుడు అనేది, అంతే.

ఈ శనివారం డెస్ తన పట్కారూ బస తాళంచెవీ అప్పగించడానికొచ్చాడు. తాడు లాగీ లాగీ అతని భుజం అరిగిపోయింది. సరస్సు అవతల పెద్ద రిసార్టు పక్కన చిన్న ఇల్లు చూసుకున్నాడు. ఇక్కడి తన ఇల్లు కొనేవాళ్లు సాయంత్రం సంతకాలకొస్తారు. అక్కడ కుర్చీలో కూర్చుంటే చాలట, అదే పైకి తీసుకెళ్తుందట, సీటు వెచ్చగా కూడా ఉంటుందట. పైన కాఫీ, కింద కాఫీ. జావ తాగినంతసేపూ అతను ఇవన్నీ చెబుతుంటే మెరాన్ గిన్నె అడుగు గీకుతూ కూర్చుంది.

పిపిట్ కొండకో ఆచారముంది. క్లబ్బు వదిలిపోయేవాళ్లని, తాడు నడిపే మనిషి పక్కనే ఉండి కిందిదాకా సాగనంపాలి. ఇదివరకు మెరాన్ చాలామందిని సాగనంపింది. ఈసారి ఇంజను చప్పుడు చేస్తోందనబోయేలోపు హినెవై ఆంటీ చేతులు తుడుచుకుంటూ షెడ్డులోకొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఇది నేను చూసుకుంటా. నువ్వు వెళ్లు."

కొండ మీద ఎండ ఫెళ్లున కాస్తోంది. ఇద్దరూ పక్కపక్కనే జారడం మొదలుపెట్టారు. రెండు మలుపులు తిరిగేసరికి రావలసిన బస రాలేదు. మెరాన్ ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి పోట్లాట పెట్టుకుంది.

"దూరపు కొండలు నునుపు. అక్కడ నీ పేరైనా అడుగుతారా ఎవరైనా?"

"అడగరు. బంగాళాదుంపలు చెక్కమని కూడా అడగరు."

అలా చాలా దూరం వాదించుకున్నారు. పెద్ద కొండలే లేకపోతే కుర్రకారు పెద్ద వాలు ఎక్కడ నేర్చుకుంటారన్నాడతను. చిన్న కొండే లేకపోతే అసలు నిలబడడం ఎక్కడ నేర్చుకుంటారందావిడ. ఇద్దరి మాటా నిజమే. అదీ అయిపోయింది, వాలు మాత్రం కాలేదు. ఇక దాచినా కొండ దాచనివ్వదని మెరాన్‌కి అర్థమైంది.

"నువ్వు వెళ్లడం నాకిష్టం లేదు, డెస్" అంది. "శుక్రవారం రాగానే నీ కారు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటాను. ఇన్నేళ్లుగా ఇంతే. ఇంజనుకి ఏ రోగమూ లేదు."

చెప్పేసరికి ఒళ్లు తేలికైంది. తలవంచుకుని, బస గుమ్మం ముందు ఆగడానికి కాళ్లు సర్దుకుంది. తలెత్తి చూస్తే కింద తెల్లటి వాలు, ఒక్క గీత కూడా పడనిది, కనుచూపు మేర అలాగే ఉంది.

డెస్ ముందుకే చూస్తూ జారుతున్నాడు.

"నాది అయిపోయింది" అంది మెరాన్ మెల్లగా. "నా దగ్గర ఒక్క ముక్క మిగల్లేదు. మరి బస ఏది?"

"మబ్బు కమ్మిందేమో."

"ఆకాశం అద్దంలా ఉంది."

ఆ మాటకి అతను నవ్వేశాడు. నవ్వుతూనే కళ్లజోడు పైకి తోసి కళ్లు తుడుచుకున్నాడు.

"భుజం నొప్పి నిజమే. కానీ వెళ్తున్నది భుజం గురించి కాదు" అన్నాడు. "ఎప్పుడు పిలిచినా ఇంజనంటావు. నాతో చెప్పుకోవడానికి నీకేమీ లేదనీ, కలిసి దిగితే రెప్పపాటులో అయిపోతుందనీ, అందరి ముందూ నా పరువు పోకుండా కాపాడుతున్నావనీ అనుకున్నాను. ఎన్నాళ్లని కాపాడించుకోను? నేనే పోతే సరిపోతుందనుకున్నా."

మెరాన్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఒకే భయాన్ని ఇద్దరూ చెరో వైపు నుంచి మోశారు. ఆ తర్వాత మాటలకి అడ్డూ ఆపూ లేకపోయింది. నీడలు పొడవయ్యాయి. సంతకాలవాళ్లు ఇంటి ముందు హారను కొట్టీ కొట్టీ వెళ్లిపోయి ఉంటారని డెస్ అన్నాడు. ఆ మాట అన్న గొంతులో విచారం లేదు. మంగళవారాలు ఇద్దరూ పెద్ద కొండకి వెళ్లి వెచ్చటి కుర్చీలో కూర్చోవచ్చని, ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుందని తేల్చుకున్నారు.

ఆ ముక్క తేలగానే చెప్పుకోవలసినవి చెప్పుకోవడం అయినట్టుంది. వాలు చివర బస రేకు కప్పు కనబడింది. గుమ్మంలో క్లబ్బు క్లబ్బంతా నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది.

ఇంకాస్తలో దారి అయిపోతుందని డెస్‌కి కంగారు పుట్టింది.

"మెరాన్, నువ్వెక్కడ పుట్టావు?"

అతనికి తెలుసని ఆవిడకి తెలుసు.

"ఇన్వర్‌కార్గిల్‌లో" అంది. "ఆ రోజు వానట. మా నాన్న సైకిలు మీద ఆసుపత్రికి బయల్దేరాడట…"

రేకు కప్పు మెల్లగా వెనక్కి జరిగి, మంచు చాటుకి వెళ్లిపోయింది.