నలభై మూడు సార్లు

గీజర్లను పరీక్షించి పాసు చెయ్యడం అతని ఉద్యోగం. ఏ ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు వేడినీళ్లు వాడతారో తెలియనిదే పరీక్ష పెట్టలేరు కదా, అందుకని కంపెనీవాళ్లు సిబ్బంది ఇళ్లలో కుళాయిలకు మీటర్లు బిగించారు. నెల తిరిగాక కాగితాలొచ్చాయి. అందరిళ్లలోనూ రోజుకు ఆరేడు సార్లు. ఇతనింట్లో నలభై మూడు.

"ఏం గురూ, ఇల్లా, లాండ్రీయా?" అంటూ ఆఫీసంతా ఒకటే నవ్వు. అతనికి తల కొట్టేసినట్టయింది. ఇదంతా అత్తగారి పని. ఆవిడ వేళ్లు బిగుసుకుపోతుంటాయి, గంటకు మూడుసార్లు వేడినీళ్ల కింద పెడితేగానీ వంగవు. ఆ సంగతి నలుగురిలో చెప్పడానికి దొరగారికి నామోషీ. "మీటరు చెడిపోయినట్టుంది" అని తన ఇంటి కాగితం తనే చించిపారేశాడు.

మిగతా ఇళ్ల లెక్క ప్రకారం కొత్తరకం గీజరుకు రోజూ ఆరుసార్లు నీళ్లు వదిలి చూశారు. భేషుగ్గా పాసయింది. సంతకం అతనిదే. ముచ్చటపడి ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు కూడా.

నాలుగో రోజు మధ్యాహ్నం అత్తగారి కుడిచెయ్యి మణికట్టు దాకా బొబ్బలెక్కింది.

ఎందుకో తెలియడానికి అతనికి నిమిషం పట్టలేదు. కాసిని నీళ్లు వదిలిన ప్రతిసారీ అడుగున చన్నీళ్లు చేరతాయి, గీజరు మళ్లీ ఆన్ అవుతుంది, పైనున్న వేడినీళ్లు ఇంకా వేడెక్కుతాయి. ఆరుసార్లకు ఏమీ కాదు. నలభై మూడుసార్లకు సలసల కాగిపోతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఇక్కడ కాలిన చెయ్యి అతనిది కూడా కాదాయె.

"ఊరికే కుళాయి తిప్పొద్దంటే విన్నావా అమ్మా" అని సణుగుతూ భార్య వంటింట్లోకి వెళ్లింది. అతను అత్తగారి పక్కన కూర్చుని మందు రాస్తున్నాడు.

"మీ మిషను నేనే పాడుచేశానేమో బాబూ. ఇక ముట్టుకోనులెండి" అందావిడ.

సరేనని ఊరుకుంటే ఉద్యోగం, పరువూ రెండూ దక్కేవి. కానీ మనసొప్పలేదు. "తప్పు మీది కాదత్తయ్యా" అని మీటరు, నవ్వులు, చించిన కాగితం అంతా చెప్పేశాడు. "రేపు ఆఫీసులోనూ చెప్పి ఆ గీజర్లు ఆపిస్తాను."

ఆవిడ బొబ్బలెక్కిన చేతివంక చూసుకుంది.

"ఆ కాగితం ఉంచితే ముందే తెలిసేదా?"

"తెలిసేది."

"నా వేళ్ల గురించి చెప్పుకోడానికి సిగ్గేసిందా?"

అతను మళ్లీ కాస్త మందు వేలికి తీసుకున్నాడు. ఆవిడ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"అమ్మాయిని పిలవండి. కట్టు అది కడుతుంది."