ఎత్తని చెయ్యి

పాలగిన్నె మాడింది. అదీ మామూలుగా కాదు, అడుగున నల్లగా అట్టకట్టి, పీచుకి రానంటే రానని మొండికేసింది. ఆమె సింకు ముందు నిలబడి, చంటివాణ్ణి ఒక చంకలో సర్దుకుని, రెండో చేత్తో తోముతూ ఉంటే అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి గిన్నె వంక ఒకసారి, కోడలి వంక ఒకసారి చూసింది.

"రక్షణ పొందిన పిల్ల తోమే గిన్నె ఇలాగే ఉంటుందా అమ్మా?" అంది మెత్తగా.

మెత్తగా అనడంలోనే ఉంది అత్తగారి నేర్పంతా. గట్టిగా అంటే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. మెత్తటి మాట ముల్లులా దిగబడి, ఎక్కడ దిగిందో కూడా తెలియకుండా రోజంతా సలుపుతూ ఉంటుంది. ఆ ఇంట్లో రక్షణకి గుర్తులు చాలానే ఉండేవి. కొసలు కలిసేలా మడిచిన దుప్పట్లు ఒక గుర్తు. ఏడవని పిల్లలు ఇంకో గుర్తు. మెరిసే పొయ్యి, వేళకి టీ, జిడ్డు లేని స్విచ్చులు. విచిత్రం ఏమిటంటే వాటిలో ఒక్కటి కూడా మగవాళ్ళు చేసే పని కాదు. ఆమె భర్త సరుకుల వ్యాను నడుపుతాడు. మంచి మనిషే, కానీ ఇంటికొచ్చి తడి తువ్వాలు మంచం మీద పడేస్తే దాన్ని అలసట అంటారు. అదే పని ఆమె చేస్తే ఆత్మీయ పతనం అంటారు.

ఆ మాటలకి నవ్వుకునేంత ధైర్యం అప్పటికింకా ఆమెకి లేదు. నిజమేనేమో అనుకునేది. పాల మీద ధ్యాస లేనిదానికి పరలోకం మీద మాత్రం ఎక్కడుంటుంది అనుకునేది. అలా అనుకుంటూ అనుకుంటూ ఆదివారం దాకా వచ్చేది. ఆదివారం వస్తే చెయ్యెత్తేది.

వాళ్ళ చర్చి ఒక మందుల దుకాణం పై అంతస్తులో ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు, రెండు ఫ్యాన్లు, వెనక పిల్లల గది, దాని పక్కనే గ్లాసులు కడిగే కుళాయి. ప్రసంగం అయ్యాక పాస్టరుగారు గొంతు తగ్గించి, "అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోండి. ఎవరూ చూడకండి. ఈరోజు ప్రభువుని నమ్ముకుని రక్షణ పొందాలనుకునేవాళ్ళు ఒక్కసారి చెయ్యెత్తండి," అంటారు. ఎవరూ చూడకండి అనగానే అందరూ వేళ్ళ సందుల్లోంచి చూస్తారు. అలా చూసిన ప్రతిసారీ వాళ్ళకి కనిపించేది ఈమె చెయ్యే.

మొదటిసారి ఎత్తింది చిన్నప్పుడు. అది నిజంగానే ఎత్తింది. ఒళ్ళు జలదరించి, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. తర్వాత బాప్తిస్మం అయింది, పెళ్ళయింది, పాప పుట్టింది. చంటివాడు పుట్టాకే పట్టుకుంది ఈ దిగులు. నిద్ర లేక ఒకరోజు పాపని గట్టిగా కసిరింది. ఆ వారం చెయ్యెత్తింది. పైవారం ప్రార్థన చేస్తూ చేస్తూ కూర్చున్నచోటే నిద్రపోయింది. మళ్ళీ ఎత్తింది. ఇక అదే అలవాటైపోయింది. మొదట్లో పాస్టరుగారు, "స్తోత్రం, ఒక చెయ్యి చూస్తున్నాను," అని పొంగిపోయేవారు. పోనుపోను, "ఆ, చూశానమ్మా, చూశాను, దించు," అనడం మొదలుపెట్టారు.

"నువ్వు చెయ్యెత్తితేగానీ ఆయనకి ఆమేన్ రాదు," అనేవాడు భర్త వ్యానులో ఇంటికొస్తూ. "బస్సు ఆపినట్టు ఎత్తుతావు కూడాను. ఏదో ఒకరోజు దేవుడే దిగొచ్చి, ఎక్కడిదాకా అమ్మా అని అడుగుతాడు."

అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వి, చంటివాడి టోపీ సరిచేసేది.

అయితే ఈమధ్య ఆ చెయ్యి అసలుకే ఎసరు పెట్టింది. పిల్లల తరగతి చెప్పే ఆసుపత్రి నర్సమ్మకి వేరే ఊరు బదిలీ అయింది. ఆరాధన అయ్యాక పెద్దవాళ్ళు టీ తాగే వేళలో వెనక గదిలో ఆ తరగతి జరుగుతుంది. అదే వేళకి ఈమె పక్కనే గ్లాసులు కడుగుతూ ఉంటుంది. కడుగుతూ కడుగుతూ, నర్సమ్మ కథ మధ్యలో తడబడితే గుమ్మంలోంచి తల పెట్టి అందించేది. పెద్ద చేప మనిషిని మింగేసి కడుపునొప్పితో మూలిగే మూలుగు ఆమె మూలిగితే పిల్లలు చాప మీద దొర్లి దొర్లి నవ్వేవాళ్ళు. ఆమె చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది. అమ్మకి జబ్బు చేస్తే తమ్ముళ్ళకి వండిపెట్టడానికి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలన్నారు. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఆడపిల్లే అవుతుంది. టీచరు కావాలని అనుకునేదన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే వ్యానులో నవ్వుకోవడానికి ఇంకో మాట దొరుకుతుందంతే. కానీ ఆ గది, ఆ చాపలు, నోరు తెరుచుకుని వినే ఆ పిల్లలు కావాలని మాత్రం ఆమెకి కడుపులోంచి అనిపించేది.

ధైర్యం చేసి సంఘ పెద్దని అడిగింది. ఆయన ఒకప్పుడు పోస్టుమాన్, అందరికీ తాతయ్యే.

"తాతయ్యగారూ, పిల్లల తరగతి నేను తీసుకోనా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, తల గోక్కున్నాడు. "నీ అంత బాగా చెప్పేవాళ్ళు ఎవరున్నారు తల్లీ. కానీ నువ్వేమో వారంవారం కొత్తగా రక్షణ పొందుతున్నావాయె. పిల్లలు ఊరుకుంటారా? మా టీచరు రక్షణ శనివారానికల్లా అయిపోతుందని ఇంటికెళ్ళి చెప్పరూ?" అని కిసుక్కున నవ్వి, ఆమె మొహం చూసి ఆపేశాడు. "తప్పుగా అనుకోకు. రక్షణ పొందానన్న నిశ్చయత కావాలమ్మా చెప్పేవాళ్ళకి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ అడుగుతాను, ఎవరు తీసుకుంటారని. అప్పటికి నీకు స్థిమితపడితే చెయ్యెత్తు. ముందు పాస్టరుగారు అడిగినప్పుడు మాత్రం ఎత్తకు."

వారంలోగా నిశ్చయత ఎలా తెచ్చుకోవాలి? ఆమెకి తెలిసిన దారి ఒక్కటే, పని. ఆ వారం ఎవర్నీ కసరకూడదనుకుంది, ఏదీ మాడకూడదనుకుంది, ప్రార్థన మధ్యలో కునుకు తీయకూడదనుకుంది. సోమవారం దేవదూతలా గడిచింది. మంగళవారం పొద్దున్నే పాలగిన్నె మాడింది, అత్తగారు ఆ మాట అంది. ఇక బుధవారం నుంచి ఇస్త్రీ చేస్తూ ప్రార్థన, బట్టలు ఆరేస్తూ ప్రార్థన, ప్రార్థనలో ఇస్త్రీ గుర్తొచ్చి మళ్ళీ క్షమాపణ. శుక్రవారానికి మనిషి పీల్చిపిప్పయింది.

శనివారం సాయంత్రం వాళ్ళింట్లో ప్రార్థన కూడిక. అత్తగారు అద్దాల బీరువాలోంచి గాజుగిన్నె తీయించింది. అతిథులు వస్తేగానీ వెలుగు చూడని గిన్నె అది. నీలం పువ్వులు, సన్నటి అంచు. ఆమె దాన్ని కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టి, మళ్ళీ సింకు వైపు తిరిగింది. నాలుగేళ్ళ పాప పువ్వులు చూద్దామని కుర్చీ ఎక్కింది కాబోలు. ఫెళ్ళుమంది.

ఆమె గిరుక్కున తిరిగేసరికి నేలంతా నీలం ముక్కలే. పాప లేదు. కుర్చీ కింద లేదు, తలుపు చాటున లేదు. ఇంతలో మోకాళ్ళ దగ్గర ఏదో కదిలింది. పాప ఆమె వెనకే ఉంది. రెండు చేతులతో ఆమె కాళ్ళు వాటేసుకుని, తల ఆమె నైటీలో దూర్చి, ఊపిరి బిగబట్టి నిలబడింది.

"ఏయ్ బుడంకాయ్. ఎవరికి భయపడి దాక్కున్నావే?"

"నీకు," అంది నైటీలోంచి చిన్న గొంతు.

"నాకు భయపడి నా వెనకే దాక్కున్నావా?"

గొంతు కాసేపు ఆలోచించింది. "మరింకెక్కడ దాక్కోను?"

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగి, ఇంకేదో అయి, కళ్ళలోకి వచ్చింది. పాపకి తప్పు తెలుసు. భయమూ ఉంది. కానీ అమ్మని వదిలి ఇంకో చోటికి పోవచ్చన్న ఊహే దాని బుర్రలో లేదు. కాసేపాగి, "అమ్మా, ఆకలేస్తోంది," అని కూడా అంది. గిన్నె పగలగొట్టినదానికి అన్నం పెడతావా అనలేదు, నేనింకా నీ కూతుర్నేనా అనలేదు. తనేం చేస్తోంది ఇన్నాళ్ళూ? పాలు మాడితే చాలు, దేవుడి ఇంట్లోంచి తనంతట తానే మూటాముల్లె సర్దుకుని బయటికి నడవడం. ఆదివారం మళ్ళీ వచ్చి తలుపు కొట్టి, కొత్తగా చేర్చుకోండి అనడం. అసలా తలుపు ఎవరు వేశారు? ఆయన ఎప్పుడైనా పొమ్మన్నాడా? ఈ ఇంట్లోనూ ఇదే వరస. కాపురానికి వచ్చిన రోజు నుంచీ పరీక్ష రాస్తూనే ఉంది, ఫలితాలు మాత్రం ఎవరూ చెప్పరు. మనుషులు అలా పెట్టారు సరే, దేవుడు కూడా అత్తగారిలాగే గుమ్మంలో నిలబడి గిన్నెలు చూస్తాడని తనకెవరు చెప్పారు? అలాగని ఇక గిన్నెలు పగిలినా ఫరవాలేదనా? కాదు. పాప రేపట్నుంచి గాజు జోలికి పోకూడదు, పోతే జాగ్రత్తగా పట్టుకోవాలి. అది తను నేర్పుతుంది, చెవి మెలేసైనా నేర్పుతుంది. కానీ ముందు అన్నీ నేర్చుకోనీ, ఆ తర్వాత కూతుర్ని చేసుకుందాం అని ఏ తల్లి ఆగుతుంది?

అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. ముక్కలు చూసింది, నైటీ వెనక నుంచి కనిపిస్తున్న చిన్న పాదాలు చూసింది. "దేవుని పిల్లలున్న ఇల్లు ఇలాగే ఉంటుందా అమ్మా?" అంది మెత్తగా.

"ఉంటుంది అత్తయ్యా," అంది ఆమె. "పగిలింది గిన్నె. రక్షణ పగల్లేదు. చెప్పులు లేకుండా ఇటు రాకండి, గుచ్చుకుంటాయి."

ఆమె ముక్కలన్నీ ఎత్తి, పాపకి అన్నం కలిపి పెట్టేదాకా అత్తగారు అక్కడే నిలబడి, తళతళలాడుతున్న పొయ్యినే మళ్ళీ తుడుస్తూ ఉంది. చివరికి గుడ్డ పిండుతూ, అటు తిరిగే అడిగింది.

"నిజంగా నీకంత ధైర్యంగా ఉందా?"

"దేని సంగతి అత్తయ్యా?"

"ఏం లేదులే," అని గుడ్డ ఆరేసి వెళ్ళిపోయింది.

మర్నాడు పాస్టరుగారు ప్రసంగం ముగించి గొంతు తగ్గించారు. తలలు వంగాయి, కళ్ళు మూతపడ్డాయి, వేళ్ళ సందులు తెరుచుకున్నాయి. ఆమె చంటివాణ్ణి ఎడం భుజాన వేసుకుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎత్తకపోతే ఏమవుతుందోనన్న పాత భయం ఒకసారి లేచి కూర్చుంది. దాన్ని కూడా తీసుకెళ్ళి దేవుడి వెనకే దాక్కుంది.

"ఇంకా ఎవరైనా..." అన్నారు పాస్టరుగారు. ఆగారు. అలవాటు కొద్దీ ఆమె వైపే చూస్తున్నట్టున్నారు. "ఎవరైనా..."

కళ్ళు తెరవకూడదు, కానీ పక్కన ఏదో కదిలితే తెరిచింది. అత్తగారి చెయ్యి. పూర్తిగా పైకి లేవలేదు. జుట్టు సర్దుకుంటున్నట్టు చెవిదాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది. ఇన్నేళ్ళు ఆ పొయ్యినీ దుప్పట్లనీ గాజుగిన్నెనీ తళతళలాడించిన చెయ్యి. సబ్బుకి గోళ్ళు అరిగిపోయిన చెయ్యి. ఆ చెయ్యి కూడా పరీక్ష రాస్తూనే ఉందని, తనకంటే ఎన్నో ఏళ్ళ ముందు నుంచీ రాస్తోందని ఆమెకి అప్పుడు తెలిసింది. మెల్లిగా అందుకుని, కిందికి దించి, తన ఒళ్ళో పెట్టుకుంది.

"మీరు చిన్నప్పుడే నమ్ముకున్నారు కదా అత్తయ్యా," అంది చెవిలో. "ఆయన మర్చిపోలేదు."

అత్తగారు చెయ్యి లాక్కోలేదు. పాస్టరుగారు ఇంకాస్త ఎదురుచూసి, ఎలా ముగించాలో తెలియనట్టు రెండుసార్లు ఆమేన్ అన్నారు.

పోస్టుమాన్ తాతయ్య లేచి గొంతు సవరించుకున్నాడు. "పిల్లల తరగతికి టీచరు కావాలి. ఎవరైనా తీసుకుంటారా?"

ఆమె చెయ్యి పైకి లేచింది. ఒళ్ళో అత్తగారి చెయ్యి తన చేతిలోనే ఉన్న సంగతి మర్చిపోయింది. రెండు చేతులూ కలిసే లేచాయి.

"ఇద్దరా?" అన్నాడు తాతయ్య. హాలంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వి, అంతలోనే ఆమె మొహం పరీక్షగా చూసి, "స్థిమితపడ్డావా తల్లీ?" అని అడిగాడు.

"పడ్డాను తాతయ్యగారూ. పాప పడేసింది."

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు, అత్తగారికి తప్ప. తాతయ్య తలూపి, "మంచిది. ఇవాళే మొదలుపెట్టు," అన్నాడు. పిల్లలు అప్పుడే కుర్చీలు దూకి వెనక గదికి పరుగు తీశారు. అంతలో ఎవరో టీ పళ్ళెం పట్టుకొచ్చి, "మరి గ్లాసులు?" అన్నారు. అందరి తలలూ అలవాటుగా ఆమె వైపు తిరిగాయి. ఆమె నోరు తెరిచింది. ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.

అత్తగారు చంటివాణ్ణి కోడలి భుజం మీంచి తన భుజానికి మార్చుకుని, వెనక వరసలో కూర్చున్న కొడుకు వైపు తిరిగింది.

"గ్లాసులు మావాడు కడుగుతాడు," అంది మెత్తగా.