తోక అంచు

"చేపల సదువు సదివినవ్, గా బొచ్చెకు పొలుసు తీస్తానికి గంటనా?" అన్నది అత్తమ్మ.

అత్తమ్మ అంటే ఇంద్రమ్మ, మా బాపు సొంత చెల్లెలు. నన్ను కోడలిగా చేసుకున్నప్పుడు "మన రక్తం మనింటికే వచ్చింది" అని ఇబ్రహీంపట్నం అంతా చెప్పుకుంది. ఇప్పుడు అదే నోటితో "మా వంశంల గిట్లాంటిది లేదు" అంటోంది. ఎవరి వంశం? నేనేమన్నా చెరువులోంచి ఊడిపడ్డానా?

మా పాప చిన్ని ఐదు నెలలే బతికింది. జ్వరం, దగ్గు, మళ్లీ జ్వరం. రోగాలతో పోరాడే కణాలే పాప ఒంట్లో తయారుకాలేదన్నారు దవాఖానలో. ఇంకొకరిని కనేముందు ఇద్దరూ రక్తం పరీక్ష చేయించుకోమన్నారు. నేను ఇచ్చాను. నాలో ఒక చెడ్డ జన్యువు ఉందని తేలింది. "చూసినవా, నీలనే ఉన్నది" అన్నాడు నన్ను కట్టుకున్న మా బావ హన్మంత్. తను మాత్రం ఇవ్వడు. నలుగురికీ తెలిస్తే ఇజ్జత్ పోతుందట. మన్నెగూడలో ప్లాటు అమ్మడానికి ముప్పై ఏళ్లలో అది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తెలిపే లింకు కాగితాలు పరిచి చూపించే మనిషికి, ఒక్క చుక్క రక్తం చూపించడం నామోషీ.

పరిశోధనశాలలో నా పని చారల చేపలతో. వేలెడు కూడా ఉండవు. ఐదోరోజు పిల్లను మైక్రోస్కోపు కింద పెడితే, రోగాలతో పోరాడే ఆ కణాలు పెరిగే చోటు, మేం చేర్చిన వెలుగు జన్యువు వల్ల, చెవి దగ్గర పచ్చగా వెలగాలి. కొన్ని జతల పిల్లల్లో నాలుగింట ఒకదానికి వెలగదు. తల్లీ తండ్రీ చూడ్డానికి నిక్షేపంగానే ఉంటాయి, కానీ చెడ్డ జన్యువు ఇద్దరి దగ్గర నుంచీ వచ్చి ఉంటుంది. ఒక్కరి నుంచి వస్తే చాలదు. చిన్ని పోయాక కూడా రోజూ ఆ చీకటి పిల్లల్ని లెక్కపెట్టి, ఇంటికొచ్చి "నీలనే ఉన్నది" అన్న మాట వింటూ అన్నం వడ్డించాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

"పిల్ల పోయి మూడు నెలలాయె. జల్ది ఇంకొకర్ని కనుర్రి. గీపారి కొడుకు పుడతడు" అంది అత్తమ్మ. బావ కుర్చీలోంచి నన్ను చూసి నవ్వాడు. "ఇయాల జల్ది రా, ఆ చేపలేడికి పోవు."

సగం గీకిన బొచ్చెను అక్కడే వదిలేసి చేతులు కడుక్కున్నాను. అతని రక్తం పరీక్షకు రాసిచ్చిన దవాఖాన చీటీ తెచ్చి అతని ఒళ్లో పెట్టాను.

"బావా, మగ చేపనైనా తోక అంచు కోసి జన్యువు పరీక్ష చేసినంకనే జతకు ఇడుస్త. నువ్వు రక్తం ఇచ్చినంకనే నా పక్కకు రా."