నునుపెక్కువైన తలుపు

తుమ్మెద పొద్దుటి నుంచీ కాలుగాలిన పిల్లిలా కారు చుట్టూ తిరుగుతోంది. ఆ పేరు పెట్టింది ఆమె పనిచేసే కార్ల షెడ్డులో పెయింటింగ్ మేస్త్రీ. చేతిలో పాలిషింగ్ మిషను ఝుమ్మనడమూ, మనిషి ఒక్కచోట వాలకపోవడమూ, రెండిటికీ కలిపి ఆ పేరు సరిపోయిందని ఆయన లెక్క. షెడ్డులో అంటుకున్న పేరు ఇంటిదాకా వచ్చింది. ఇప్పుడు సొంత అక్క కూడా అలాగే పిలుస్తోంది.

కారు బావది, అంటే ఆ అక్క మొగుడిది. మనిషి మంచివాడే. కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం వేరే మనిషైపోతాడు. బానెట్ మీద పిట్ట రెట్ట పడితే ముందు పిట్టని తిట్టి, తర్వాత జేబురుమాలుతో తుడిచి, అప్పుడే భోజనానికి కూర్చుంటాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అక్కని స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. "నీకు కుడేదో ఎడమేదో తెలీదు, డ్రైవింగ్ ఎందుకు చెప్పు?" అని నలుగురిలో నవ్వుతాడు. నలుగురూ నవ్వుతారు. అక్క కూడా నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే తుమ్మెదకి ఒళ్ళు మండుతుంది.

ఆ మంటలోనే అక్కకి దొంగచాటుగా డ్రైవింగ్ నేర్పింది. బావ రైల్లో ఊరు దాటి వెళ్ళే ఉద్యోగం చేస్తాడు. కారేమో గుడ్డ కప్పుకుని ఇంటిముందు నిద్రపోతూ ఉంటుంది. అక్క నేర్చుకుంది, పరీక్షకి వెళ్ళింది, లైసెన్సు తెచ్చుకుని బీరువాలో చీరల కింద దాచింది. ఊరి చివర, బస్సు వెళ్ళని చోట ఒక ఆస్పత్రిలో ఆమెకి ఉద్యోగం ఖాయమైంది. కారుంటేనే ఆ ఉద్యోగం. బావ ఈ సాయంత్రం రైలు దిగగానే లైసెన్సు చేతిలో పెట్టి అంతా చెప్పేద్దామనుకుంది.

ఇంతలో మొన్న గేటు దగ్గర తలుపు గీసుకుపోయింది.

తప్పు అక్కది కాదు. ఆవిడ నెమ్మదిగా, సరిగ్గానే లోపలికి తెస్తోంది. పక్కన కూర్చున్న తుమ్మెద నోరు ఊరుకోక "తిప్పు, తిప్పు" అని అరిచింది. అక్క కంగారుపడి ముందే తిప్పేసింది. పక్కసీటు వైపు ముందు తలుపు గేటు స్తంభానికి రాసుకుంది. ఆ చప్పుడు తుమ్మెద చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది.

"ఇది చూస్తే ఇంకేమైనా ఉందా? చెప్పానా లేదా అంటారు. ఆ ఒక్క మాట చాలు, ఇంక జన్మలో కారెక్కను" అని అక్క ఆ గీత ముందే కూలబడింది.

"ఆయన వచ్చేలోపు గీత ఉంటే కదా" అంది తుమ్మెద.

మేస్త్రీ నిన్న తలుపుకి రంగు వేసి, దీపాల వేడిలో ఆరబెట్టాడు. రంగు కలిసింది. కానీ తొందర పని కదా, పైపూత నారింజ తొక్కలా చిన్నచిన్న గుంటలతో గట్టిపడింది. ముట్టుకుంటే తెలియదు. ట్యూబులైటు నీడ తలుపులో పడినప్పుడు దాని అంచులు వణుకుతూ కనిపిస్తాయి. ఆ వణుకు తీసేందుకే తుమ్మెద దగ్గర జీన్స్ గుడ్డ అంటించిన గట్టి ప్యాడ్లున్నాయి. మెత్తటి స్పాంజి ప్యాడ్ గుంటల్లోకీ దిగి మెరుపు పెంచుతుందే తప్ప ఎగుడుదిగుడు తియ్యదు. జీన్స్ ప్యాడ్ మిట్టల మీదే నడిచి, వాటిని కొద్దికొద్దిగా కోసి, గుంటలతో సమం చేస్తుంది. ఎక్కువసేపు ఒకేచోట ఆపితే మాత్రం వేడికి పూత కాలిపోతుంది.

పాలిషింగ్ ముద్ద చిమ్మి పాడుచేయకుండా పక్క భాగాలన్నీ కాగితంతో కప్పేసింది. తలుపు అంచులకి టేపు వేసింది. ప్యాడ్ మీద ముద్ద రాసి, నీళ్ళు చిలకరించి, మిషను నెమ్మది వేగంలో పెట్టింది. నడిపి, తుడిచి, లైటు నీడ చూసింది. వణుకు తగ్గింది. ఇంకోసారి నడిపింది. ఇంకా తగ్గింది.

"చాలమ్మాయ్, ఆపు" అన్నాడు మేస్త్రీ, టీ తాగుతూ.

"ఇంకొంచెం ఉంది."

"ఇందాక కూడా అదే మాటన్నావు."

ఆపితే చెవుల్లో ఆ చప్పుడు మళ్ళీ మొదలవుతుంది. మిషను మోగుతున్నంతసేపే ఆమెకి నెమ్మది. జీన్స్ ప్యాడ్ తీసి స్పాంజి ప్యాడ్ పెట్టి, మిగిలిన మసకంతా పోగొట్టింది. చివరికి ట్యూబులైటు నీడ స్కేలు పెట్టి గీసినట్టు తలుపులో నిలబడింది. తుమ్మెద కాగితాలు చింపి పారేసి, కారుని షెడ్డు బయట ఎండలోకి తీసుకొచ్చింది.

ఎదురుగా కరెంటు స్తంభం. ముందు ఫెండర్లో, అంటే చక్రం మీది రేకులో, దాని నీడ కాస్త వంకరగా, నీళ్ళలో చూసినట్టు కదులుతోంది. వెనక తలుపులోనూ అంతే. మధ్యలో తను తోమిన తలుపులో మాత్రం స్తంభం నిటారుగా, తీగలతో సహా కనిపిస్తోంది. కంపెనీ వేసిన రంగుకి కూడా సన్నటి నారింజ తొక్క ఉంటుంది. ఆ సంగతి తుమ్మెదకి తెలుసు. చుట్టూ కాగితం కప్పి ఒక్క తలుపునే చూస్తూ కూర్చోవడంతో మర్చిపోయింది. ఇప్పుడా తలుపు, నాకు మొన్న దెబ్బ తగిలిందహో అని దారినపోయే వాళ్ళందరికీ చెబుతోంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

"తీసిన తొక్క మళ్ళీ అతకదు. ఏం చేస్తావిప్పుడు?" అన్నాడు మేస్త్రీ.

"ఈ వైపంతా నున్నగా చేసేస్తా."

"మరి ఆ వైపు?"

"ఆ వైపు కూడా చేస్తా."

"ఇంటికి సున్నం వేస్తూ వీధంతా వేసినట్టుంది నీ పని."

ఆమె వినిపించుకోలేదు. కారుని మళ్ళీ నీడలోకి తోసి వెనక తలుపు మొదలుపెట్టింది. ఆ ఒక్క తలుపు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. చేతులు లాగుతున్నాయి. తర్వాత వెనక ఫెండరు. తోమే ముందు పూత మందం చూసుకోవడం ఆమెకి అలవాటు. మీటరు ఆనించింది. వెనక తలుపు మీద వచ్చిన అంకెకి రెట్టింపు వచ్చింది. మీటరు చెడిందేమోనని తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే.

వెనక తలుపు తెరిచి ఫెండరు లోపలి అంచు మీద వేలు పోనిచ్చింది. సన్నటి గట్టు తగిలింది. రంగు వేసేటప్పుడు టేపు అంటించిన చోట మిగిలే గట్టు అది.

"మేస్త్రీ, ఈ ఫెండరు ఎవరు వేశారు?"

మేస్త్రీకి ఉన్నట్టుండి చాలా పనులు గుర్తొచ్చాయి. డబ్బా మూత పెట్టాడు, తీశాడు.

"మీరేనా?"

"నేనేలే" అన్నాడు చివరికి. "పోయిన వానాకాలం. నువ్వు జ్వరమొచ్చి రాలేదు చూడు, ఆ వారం. మీ బావ వెనక్కి తీస్తూ స్తంభానికి గుద్దాడు. ఇంట్లో తెలియకూడదన్నాడు. మా మరదలికి అసలే తెలియకూడదన్నాడు. నేను మాటిచ్చాను."

తుమ్మెద ప్యాడ్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. ఈయన ఎరిగి, రంగు వేయించుకుని మరీ నవ్వాడు. ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, ఆ తర్వాత భయమేసింది. ఇది అక్కకి చెప్పాలా? చెబితే ఇంట్లో ఏమవుతుందో. చెప్పకపోతే ఆవిడ తల దించుకునే ఉంటుంది. షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. చెప్పకూడదని ఒకసారీ, చెప్పాలని ఒకసారీ అనుకుంది.

అక్క రానే వచ్చింది, ముఖం పీక్కుపోయి. తుమ్మెద నోట్లో నువ్వుగింజ నానదు. కారుని ఎండలోకి తీసి తలుపు చూపించి, కలవలేదని ఒప్పుకుని, అదే ఊపిరిలో ఫెండరు సంగతి కూడా చెప్పేసింది.

అక్క స్టూలు మీద కూర్చుంది. "ఆ వారం కారు సర్వీసింగుకి ఇచ్చానన్నారు. రోజూ తడుస్తూ వచ్చారు. పాపమని నేను వేడినీళ్ళు పెట్టాను" అంది.

"గొడవ పడతావా?"

"పడను. రెండు రాత్రుళ్ళు నిద్రపోలేదే నేను. అద్దం ముందు నిలబడి ఎలా చెప్పాలో సాధన చేశాను, నీకు తెలుసా?" లేచి నిలబడింది. "ఇంక తోమకు. తాళాలు ఇలా ఇవ్వు."

"ఆ ఫెండరు ఒక్కటీ..."

"చెయ్యి ఆపమన్నానా?"

తుమ్మెద చెయ్యి ఆపింది. స్టేషనుకి అక్కే తోలింది. తుమ్మెద వెనక సీట్లో కూర్చుని దారి పొడవునా మోకాళ్ళు ఊపుతూనే ఉంది.

బావ సంచీతో బయటికొచ్చి కారుని చూసి నవ్వబోయాడు. స్టీరింగ్ వెనక ఎవరున్నారో చూసి ఆ నవ్వు సగంలో ఆపేశాడు. పక్కసీటు తలుపు దగ్గరికొచ్చాడు. వంగాడు. అందులో ఆయన ముఖం ఉన్నదున్నట్టు కనిపించింది.

"ఇదేంటి, ఈ తలుపు కలవట్లేదు?"

కిటికీ అద్దం దిగింది. "గేటుకి గీసుకుందండీ. నేనే గీశాను. నాకు లైసెన్సుంది, వచ్చేవారం నుంచి ఉద్యోగముంది. తలుపు చెల్లెలు బాగుచేసింది."

"చూశావా, నేను చెప్పానా..."

"వెనక ఫెండరు కూడా కలవట్లేదటండీ" అంది అక్క, గొంతు పెంచకుండా.

బావ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. తుమ్మెద వైపు చూశాడు. ఆమె పైకప్పు వైపు చూసింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. బావ సంచీని వెనక సీట్లో పెట్టి, ముందు తలుపు తెరిచి ఎక్కాడు. ఇన్నాళ్ళూ అక్క కూర్చున్న సీటు అది, ఆమె కొలతకి ముందుకి జరిపి ఉంది. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే, సీటు వెనక్కి జరిపే మీట కోసం పక్కల్లో తడుముకున్నాడు. సొంత కార్లో ఆ సీట్లో ఎన్నడూ కూర్చోలేదు మరి.

"కింద, ముందువైపు ఉంటుంది. ఎత్తి వెనక్కి జరగండి" అంది అక్క, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఇల్లొచ్చింది. అక్క గేటు ముందు వేగం తగ్గించింది. స్తంభం మీద మొన్నటి రంగు మరక అలాగే ఉంది. బావ కాలు అక్కడ లేని బ్రేకుని గట్టిగా తొక్కుతోంది. తుమ్మెద నాలుక చివర "తిప్పు" అన్న మాట ఉంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పెదవి పళ్ళతో పట్టుకుని కూర్చుంది. ఇంతసేపు ఏ పనీ చేయకుండా ఉండడం ఆమెకి జీవితంలో ఇదే మొదలు.

అక్క తనకి ఎప్పుడు తిప్పాలనిపించిందో అప్పుడు తిప్పింది. కారు రెండు స్తంభాల మధ్య నుంచి లోపలికి వెళ్ళి ఆగింది. తుమ్మెదకి ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.

ఇంజను ఆగాక బావ అలవాటుగా తాళాల కోసం చెయ్యి చాపాడు. అక్క తాళాలు తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని దిగింది. చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత బావ వెనక్కి తిరిగి, తుమ్మెద పక్కనున్న తన సంచీ అందుకున్నాడు.